గుండెపోటు తర్వాత కూర్చోబెట్టకండి, నడిపించండి



క్రీడా దినోత్సవాల సందడి మొదలైంది. పిల్లల పోటీలు అయ్యాక తల్లిదండ్రులకూ, తాతయ్యలకూ, అమ్మమ్మ నానమ్మలకూ సరదా పందేలు పెట్టడం మామూలే. ఆ సమయంలో మైదానం అంచున కుర్చీల వరుసలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "నాకు స్టెంటు వేశారండీ, ఇక ఇలాంటివి మనకెందుకు?" ఆ మాట పరుగు పందెం వరకైతే మంచిదే. మొత్తం జీవితానికి దాన్నే నియమం చేసుకుంటే మాత్రం ప్రమాదం. ఈ నెల ఆరోగ్య పేజీలో దాని గురించే మాట్లాడుకుందాం.

ఇంట్లో ఒకరికి గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకునో బైపాస్ చేయించుకునో తిరిగి వచ్చారనుకోండి. మనం ఏం చేస్తాం? హాల్లోకి మంచం జరుపుతాం. "మీరు లేవకండి మామయ్యగారూ, నేను తెస్తాను" అని మంచినీళ్లు కూడా చేతికే అందిస్తాం. "తాతయ్యను విసిగించకు, బయటికి రమ్మని అడగకు" అని పిల్లల్ని కసురుతాం. ఇదంతా ప్రేమే. మొదటి కొన్ని రోజులు ఈ జాగ్రత్త అవసరం కూడా. కానీ నెలలు గడిచినా ఇదే పద్ధతి సాగితే, ఆ ప్రేమే మనిషిని మంచానికి కట్టేస్తుంది.

ఇది తాతయ్యల సంగతి మాత్రమే అనుకోకండి. 52 దేశాల్లో జరిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, మొదటి గుండెపోటు వచ్చినవారి మధ్యస్థ వయసు మన దక్షిణాసియా దేశాల్లో 53 ఏళ్లు. మిగతా దేశాలవారిలో అది దాదాపు 59. అంటే మనవాళ్లలో సగం మందికి అది 53 నిండేలోపే వస్తోంది. పిల్లలు ఇంకా హైస్కూల్లోనో కాలేజీలోనో ఉండే వయసది. ఆ తర్వాత ఆ మనిషి తిరిగి పనిలోకి వెళ్లగలరా, మెట్లు ఎక్కగలరా, పిల్లలతో తిరగగలరా అన్నది కుటుంబం మొత్తానికి సంబంధించిన ప్రశ్న.

ఒకప్పుడు మంచమే మందు

"కదలకూడదు" అన్న భయం మనం కొత్తగా కనిపెట్టింది కాదు. ఒకప్పుడు వైద్యులే అలా చెప్పేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో గుండెపోటు వచ్చిన రోగిని ఆరు వారాల దాకా మంచం దిగనిచ్చేవారు కాదు. దెబ్బతిన్న గుండె కండరం మానడానికి సుమారు అంత కాలం పడుతుంది కాబట్టి, ఈలోగా కదిలితే అది చిట్లుతుందేమోనని భయం. కొందరికి అన్నం కూడా నర్సులే తినిపించేవారు. ఫలితంగా కాళ్లలో రక్తం గడ్డలు కట్టడం, ఊపిరితిత్తులకు జబ్బు చేయడం, కండలు కరిగిపోవడం లాంటి కొత్త కష్టాలు వచ్చేవి.

1952లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ కలిసి ఒక సాహసం గురించి రాశారు. గుండెపోటు వచ్చిన 81 మందిని మంచంలో పడుకోబెట్టకుండా, మొదటి రోజుల నుంచే కొంతసేపు చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. భయపడిన ఉపద్రవాలేవీ రాలేదు. రోగులు తేరుకున్నారు, ధైర్యంగా కూడా ఉన్నారు. ఈరోజు మనకు కుర్చీ అంటే విశ్రాంతి. ఆ రోజుల్లో కుర్చీలో కూర్చోబెట్టడమే పెద్ద కదలిక!

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. ఆయన్ని చూసిన ప్రముఖ గుండె వైద్యుడు పాల్ డడ్లీ వైట్ నడకను గట్టిగా నమ్మిన మనిషి. కోలుకున్నాక ఐసెన్‌హోవర్ మళ్లీ గోల్ఫ్ ఆడారు, 1956 ఎన్నికల్లో మళ్లీ గెలిచారు. గుండెపోటుతో జీవితం ముగిసిపోదని లోకానికి తెలియడానికి ఆ ఒక్క ఉదాహరణ ఎంతో ఉపయోగపడింది.

మూడు వారాల మంచం, ముప్పై ఏళ్ల వయసు

విశ్రాంతి ఎంత నష్టం చేస్తుందో చూపిన ఒక ప్రయోగం తప్పక తెలుసుకోవాలి. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ల యువకుల్ని మూడు వారాల పాటు పూర్తిగా మంచంలో ఉంచారు. వాళ్లకు ఏ జబ్బూ లేదు. మూడు వారాలు ముగిసేసరికి, శ్రమ చేసేటప్పుడు శరీరం ఆక్సిజన్ వాడుకోగల గరిష్ఠ శక్తి నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. తర్వాత ఎనిమిది వారాల వ్యాయామంతో అది తిరిగి వచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, యాభై ఏళ్ల వయసులో ఉన్న అదే ఐదుగురినీ మళ్లీ పరీక్షించారు. ఏం తేలిందంటే, ముప్పై ఏళ్ల వయసు మీద పడినా వాళ్లలో ఏ ఒక్కరి శక్తీ ఆనాటి మూడు వారాల మంచం తర్వాత పడిపోయినంతగా పడిపోలేదు. జబ్బులేని కుర్రవాళ్లకే మంచం ఇంత పని చేస్తే, గుండె దెబ్బతిన్న యాభై ఏళ్ల మనిషిని ఆరు నెలలు సోఫాకే అంటిపెడితే ఏమవుతుందో ఊహించండి. "గుండెపోటు వచ్చాక ఆయన పాడైపోయాడండీ" అని మనం అనేదాంట్లో గుండె వాటా ఎంతో, సోఫా వాటా ఎంతో ఆలోచించాల్సిందే.

వ్యాయామం లోపల ఏం చేస్తుంది?

గుండెపోటులో చనిపోయిన కండరం వ్యాయామంతో తిరిగి మొలవదు. మరి శక్తి ఎలా పెరుగుతుంది? మిగిలిన శరీరం పొదుపు నేర్చుకుంటుంది.

క్రమంగా నడిచేవారి కాలి కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. ఆక్సిజన్‌ను శక్తిగా మార్చే ఏర్పాటు బలపడుతుంది. వచ్చిన రక్తంలోంచి కండరం ఎక్కువ ఆక్సిజన్ తీసుకోగలుగుతుంది కాబట్టి, అదే పనికి గుండె అంత వేగంగా కొట్టుకోనక్కర్లేదు. రక్తనాళాల లోపలి పొర అవసరమైనప్పుడు వ్యాకోచించే గుణాన్ని తిరిగి పుంజుకుంటుంది. రక్తపోటు, చక్కెర అదుపులోకి రావడానికి సాయం అందుతుంది. నిద్ర, మనసు కుదుటపడతాయి.

వైద్యులు ఈ శక్తిని "మెట్" అనే కొలతలో చెబుతారు. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్ ఒక మెట్. మామూలు నడకకు సుమారు 3, నెమ్మదిగా మెట్లు ఎక్కడానికి సుమారు 4 మెట్లు కావాలి. ఇక్కడ ఇంటి ఖర్చు లెక్క వేసుకుందాం. జీతం 50 వేలు, అందులో అద్దె 40 వేలు అయితే నెల గడవడం ఎంత కష్టం! గుండెపోటు తర్వాత ఒకరి గరిష్ఠ శక్తి 5 మెట్లు అనుకుంటే, మేడ ఎక్కడానికే అందులో 80 శాతం ఖర్చయిపోతుంది. అందుకే ఆయాసం. శిక్షణతో శక్తి 6.5కి పెరిగిందనుకోండి. మేడ అదే, మెట్లు అవే, కానీ ఖర్చు 62 శాతమే. మనిషి మాట్లాడుతూ మేడ ఎక్కగలుగుతాడు. అద్దె తగ్గలేదు, జీతం పెరిగింది.

ఈ చిన్న పెరుగుదల ఆయుష్షుతోనూ ముడిపడి ఉంది. ట్రెడ్‌మిల్ పరీక్షకు వచ్చిన ఆరువేల మందికి పైగా పురుషుల్ని గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, శక్తి ఒక్కో మెట్ ఎక్కువ ఉన్నకొద్దీ బతికి ఉండే అవకాశం 12 శాతం చొప్పున మెరుగ్గా కనిపించింది. వ్యాయామంతో కూడిన గుండె పునరావాస కార్యక్రమాల మీద జరిగిన ఎన్నో పరీక్షల్ని కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో, గుండె జబ్బుతో మరణించే ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గినట్టు తేలింది. మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సిన అవసరమూ తగ్గింది.

అయితే నడక ఉందని మందులు మానేయకూడదు. గుండెపోటు వచ్చిన క్షణాన మూసుకున్న రక్తనాళాన్ని వెంటనే తెరవడమే ప్రాణం నిలిపే పని. వ్యాయామం ఆ తర్వాతి వైద్యం. మందులతో పాటు నడిచేది, మందులకు బదులు కాదు.

గుండె పునరావాసం అంటే ఏమిటి?

ఆంగ్లంలో కార్డియాక్ రిహాబిలిటేషన్ అనే ఈ కార్యక్రమం మూడు దశల్లో సాగుతుంది.

మొదటి దశ ఆసుపత్రిలోనే. డాక్టరు అనుమతితో లేచి కూర్చోవడం, గదిలో నాలుగు అడుగులు వేయడం, వరండాలో నడవడం, ఇంటికి పంపేముందు కొన్ని మెట్లు ఎక్కించి చూడడం.

రెండో దశ డిశ్చార్జి తర్వాత. చాలాచోట్ల ఇది సుమారు 12 వారాలు ఉంటుంది. ముందు ట్రెడ్‌మిల్ పరీక్షతోనో, ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడవగలరో చూసే పరీక్షతోనో శక్తిని కొలుస్తారు. దాన్ని బట్టి వ్యాయామం మోతాదు రాస్తారు. వారానికి రెండు మూడు సార్లు ఫిజియోథెరపిస్టు కళ్లముందు, మిగతా రోజుల్లో ఇంటి దగ్గర. ఆహారం, పొగ మానడం, మందులు, మనసులోని భయం గురించి కూడా ఇందులో మాట్లాడతారు.

మూడో దశ జీవితాంతం. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ లక్ష్యం. డాక్టరు ఒప్పుకుంటే వారంలో రెండు రోజులు తేలికపాటి బరువులతో కండరాల వ్యాయామం.

ఇలాంటి విభాగం ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు. ఉన్నా మనం అడగం. మన దేశ పరిస్థితికి తగిన దారి వెతుకుతూ 24 ఆసుపత్రుల్లో దాదాపు నాలుగు వేల మంది రోగులతో "యోగా కేర్" అనే పెద్ద పరీక్ష జరిపారు. ఫలితాలు 2020లో వచ్చాయి. గుండెపోటు తర్వాత మూడు నెలల్లో 13 యోగా తరగతులు నేర్పి, ఇంట్లో సాధన చేయమన్నారు. మరణాలు, మళ్లీ గుండెపోట్లు స్పష్టంగా తగ్గాయని ఆ పరీక్ష రుజువు చేయలేకపోయింది. కానీ యోగా నేర్చుకున్నవారు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, గుండెపోటుకు ముందు చేసుకునే పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. అంటే ఖరీదైన యంత్రాలు లేకపోయినా మొదలుపెట్టడానికి దారి ఉంది.

ఎంత శ్రమ సరిపోతుంది?

డాక్టరు సరేనన్నాక చాలామందికి చదునైన నేల మీద రోజుకు రెండుసార్లు, ఐదు పది నిమిషాల నడకతో మొదలుపెట్టిస్తారు. ఇబ్బంది లేకపోతే కొద్దికొద్దిగా నిమిషాలు పెంచి, కొన్ని వారాల్లో అరగంటకు చేరుస్తారు. ముందు సమయం పెంచాలి, తర్వాతే వేగం.

సరైన వేగం తెలుసుకోవడానికి అన్నిటికన్నా తేలికైన పద్ధతి మాట పరీక్ష. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. పాట పాడేంత తీరిక ఉంటే కాస్త వేగం పెంచవచ్చు. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించాలి. ఆసుపత్రిలో వాడే బోర్గ్ కొలతబద్ద కూడా ఇలాంటిదే. 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక నా వల్ల కాదు. పునరావాసంలో సాధారణంగా 11 నుంచి 14 మధ్య, అంటే తేలికకూ కాస్త కష్టానికీ మధ్య ఉంచుతారు.

చేతి గడియారం చూపే గుండె వేగాన్ని మాత్రమే నమ్ముకోకండి. గుండెపోటు తర్వాత చాలామందికి ఇచ్చే మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. "220 లోంచి వయసు తీసేయండి" అనే లెక్క వారికి సరిపోదు. ఆ అంకె అందుకోవాలని పరుగెత్తడం ప్రమాదం.

మొదటి ఐదు పది నిమిషాలు నెమ్మదిగా, చివరి ఐదు పది నిమిషాలు మళ్లీ నెమ్మదిగా నడవాలి. వేగంగా నడుస్తూ ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచిపోయి, రక్తపోటు పడి కళ్లు తిరగవచ్చు. భోజనం చేయగానే, మిట్ట మధ్యాహ్నం ఎండలో, జ్వరంతో ఉన్నప్పుడు నడక వద్దు.

ఎప్పుడు ఆగాలి?

నడుస్తుండగా ఛాతీలో నొప్పి, బిగింపు, మంట, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, మామూలుకు మించిన ఆయాసం, చల్లని చెమటలు, కళ్లు తిరగడం, గుండె లయ తప్పి దడదడ కొట్టుకోవడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకోమని డాక్టరు మాత్ర ఇచ్చి ఉంటే చెప్పినట్టు వాడాలి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ నొప్పేమోనని ఇంట్లోనే చూస్తూ కూర్చోవద్దు. కాళ్లకు కొత్తగా వాపు వచ్చినా, రెండు మూడు రోజుల్లో బరువు అమాంతం పెరిగినా డాక్టరుకు చెప్పాలి.

బైపాస్ అయినవారికి ఇంకో జాగ్రత్త. కోసి కలిపిన రొమ్ము ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. డాక్టరు చెప్పేదాకా చిన్నపిల్లల్ని ఎత్తుకోవడం, బియ్యం సంచి, గ్యాస్ సిలిండరు జరపడం, స్కూటరు నడపడం వద్దు. మనవడి బడి సంచి కూడా మోయకూడదు. నడక మాత్రం ఆపనక్కర్లేదు.

అమ్మ సంగతి మరిచిపోకండి

గుండె పునరావాస కార్యక్రమాలకు మగవారికన్నా ఆడవారు తక్కువగా వస్తున్నారని చాలా దేశాల్లో గమనించారు. మన ఇళ్లలో కారణం వెతకనక్కర్లేదు. మామయ్యగారికి గుండెపోటు వస్తే మంచం దిగనివ్వం. అత్తయ్యగారికి వస్తే నెల తిరిగేసరికి వంటింట్లో ఉంటారు. "ఇంటి పనే వ్యాయామం కదా" అంటాం. వంట, అంట్లు, బట్టలు ఆగి ఆగి సాగే పనులు. అలసట ఇస్తాయి కానీ, క్రమంగా పెంచే శిక్షణ ఇవ్వవు. ఆమెకూ రోజులో అరగంట నడక తన కోసం కావాలి. ఆ అరగంట పొయ్యి దగ్గర వేరొకరు నిలబడాలి.

పిల్లలు చేయగల సాయం

ఇంట్లో పెద్దవారు జబ్బుపడితే పిల్లలు లోలోపల చాలా భయపడతారు. "తాతయ్య దగ్గరికి వెళ్లొద్దు" అంటే ఆ భయం పెరుగుతుంది. వాళ్లకొక పని అప్పగించండి.

సాయంత్రం తాతయ్యతో నడవమనండి, నడుస్తూ కథ చెప్పించుకోమనండి. తాతయ్య కథ హాయిగా చెబుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. "ఊఁ, ఆఁ" తప్ప మాట రాకపోతే "తాతయ్యా, నెమ్మది" అని పిల్లలే అంటారు. మాట పరీక్షకు ఇంతకన్నా మంచి పరికరం లేదు. గోడ మీది క్యాలెండరులో రోజుకు ఎన్ని నిమిషాలు నడిచారో రాయమనండి. లెక్కల నోటుపుస్తకంలో గ్రాఫు గీస్తే ఇంకా మంచిది. పెద్ద పిల్లలకు 108కి ఫోన్ చేయడం, ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు స్పష్టంగా చెప్పడం నేర్పండి. మొదటి వారాల్లో మాత్రం పెద్దవారెవరైనా వెంట ఉండాలి. ఆ బాధ్యత పిల్లల మీద వేయకూడదు.

డిశ్చార్జి రోజున డాక్టరును అడగాల్సిన ఆరు ప్రశ్నలు

1. రేపటి నుంచి ఎంతసేపు, ఎన్నిసార్లు నడవవచ్చు?
2. ఇక్కడ గుండె పునరావాస విభాగం ఉందా? లేకపోతే ఏ ఫిజియోథెరపిస్టును కలవాలి?
3. శక్తిని కొలిచే పరీక్ష ఎప్పుడు చేస్తారు?
4. ఈ మందుల్లో గుండె వేగాన్ని తగ్గించేవి ఏవి?
5. ఎంత బరువు దాకా ఎత్తవచ్చు? మెట్లు, బండి, ఉద్యోగం ఎప్పటి నుంచి?
6. ఏ లక్షణం కనిపిస్తే ఆగాలి, ఎవరికి ఫోన్ చేయాలి?

ఈ ఆరింటికీ జవాబులు ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. గుండె బలహీనత ఎక్కువ ఉన్నవారికి, కవాటాల జబ్బు, లయ సమస్యలు ఉన్నవారికి మోతాదు వేరుగా ఉంటుంది. పక్కింటివారు ఎంత నడుస్తున్నారన్నది మీకు కొలత కాదు.

ఇక క్రీడా దినోత్సవం మాట. ఏడాదంతా నడవని తండ్రులెవరూ ఆరోజు ఉన్నట్టుండి వంద మీటర్లు పరుగెత్తకండి, గుండె జబ్బు లేకపోయినా సరే. గుండెపోటు నుంచి కోలుకుంటున్నవారు పరుగు పందెంలో పాల్గొనక్కర్లేదు. కార్యక్రమం అయ్యాక మనవరాలి చేయి పట్టుకుని, కబుర్లు చెబుతూ మైదానం చుట్టూ ఒక్కసారి నెమ్మదిగా నడవండి. మరుసటి ఉదయం ఆ చిన్నారిని బడి బస్సు ఎక్కించడానికి వీధి చివరిదాకా వెళ్లండి. పన్నెండు వారాల తర్వాత అదే దూరం ఎంత తేలికైందో మీకే తెలుస్తుంది.